గజ్జెలు మోగని పెట్టెలు

మా ఇంట్లో రెండు సౌండు పెట్టెలున్నాయి. నడుమెత్తు ఉంటాయి. టేకు చెక్కతో చేసినవి, ముందు భాగానికి గోధుమరంగు గుడ్డ బిగించినవి. సిరిసిల్లలో మా బాపు సంపాదించిన వాటిలో నా దగ్గర మిగిలినవి ఈ రెండే. సాంచాలు, అంటే మరమగ్గాలు, పోయాయి. వాటి షెడ్లు పోయాయి. రెండంతస్తుల ఇల్లు చేతులు మారింది. ఆ వీధిలో మమ్మల్ని 'ఆసామి ఇంటోళ్లు', అంటే సాంచాల యజమాని ఇంటివాళ్లు, అని పిలిచిన మనుషులు కూడా ఒక్కరొక్కరే వెళ్లిపోయారు. జగిత్యాలలో నేను అద్దెకుంటున్న మేడమీది ముందుగదిలో సగం చోటు ఈ పెట్టెలదే. వచ్చినవాళ్లు వాటి మీద చాయ్ గ్లాసు పెట్టబోతారు. నేను ఆ గ్లాసు తీసి వాళ్ల చేతికే ఇస్తాను. ఇన్నేళ్లూ ఇంకొకరి బట్టల దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని బతికినవాడినే అయినా, ఆ పెట్టెల ముందు కుర్చీ వేసుకున్నప్పుడు మాత్రం నేను ఆసామి కొడుకునే. అందుకే ఈ మాఘమాసంలో ఒక పొద్దున వాటిలో గజ్జెలు వినిపించకపోయేసరికి నాష్తా మాట మరిచి వాటి ముందే ఉండిపోయాను.

గజ్జెలంటే చిరుతల గజ్జెలు. మా సాంచాల మీద పనిచేసేవాళ్లలో కొందరికి ఒక భజన బృందం ఉండేది. తంగళ్ళపల్లి నుంచి మానేరు దాటి పనికి వచ్చే లింగయ్య కాక దానికి పెద్ద. ఒక పండుగనాడు బాపు వాళ్లందరినీ మా పైహాల్లో కూర్చోబెట్టి, పాడించి, టేపు చేయించాడు. చేతిలో ఇమిడే చెక్క చిరుతలు, వాటి కొసలకు చిన్న చిన్న గజ్జెలు. పాటలో డోలక్ కింద నడుస్తుంది, గొంతులు నడుమ నడుస్తాయి, గజ్జెలు వీటన్నిటికీ పైన, గంజి పెట్టిన పోగుల మీద నీళ్లు చిలకరించినట్టు సన్నగా రాలుతుంటాయి. ఆ టేపును మా మేనల్లుడు పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆ పాట విన్నాకే నేను నాష్తాకు కూర్చుంటాను. ఆ పొద్దున డోలక్ వచ్చింది. గొంతులు వచ్చాయి. పైన ఉండాల్సింది లేదు. గోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టుంది. సౌండు పెంచాను. గోడ అవతలి పాటే పెద్దదయింది.

"మంచిగనే వినవడుతున్నయ్ గదా, ఇంకేం పెంచుతరు? కిందోళ్లు పైకొస్తరు ఇగ" అంది వంటింట్లోంచి మా ఇంటావిడ.

"నీకేం దెలుసు? ట్వీటర్లు పోయినయ్" అన్నాను.

అలా అన్న క్షణం నుంచే నాకు నిద్ర కరువైంది. ఆ పెట్టెల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. కిందనున్న పెద్ద స్పీకరు డోలక్ లాంటి లావు చప్పుళ్ల కోసం, పైనున్న చిన్న ట్వీటరు గజ్జెల్లాంటి సన్న చప్పుళ్ల కోసం. లోపల క్రాస్ఓవర్ అనే చిన్న పలక ఒకటుంటుంది. రాగితీగ చుట్టలు, సీమటపాకాయల్లాంటి కెపాసిటర్లు దాని మీద ఉంటాయి. పాటను రెండుగా పాయలు తీసి, లావుది కిందికి, సన్నది పైకి పంపేది అదే. ఇవన్నీ బాపు కాలం నాటివి. విప్పితే మళ్లీ అదే గొంతు వస్తుందా అన్నది నా భయం. విప్పకపోతే మిగిలిన గొంతు కూడా పోతుందన్నది ఇంకో భయం. ఇల్లు అమ్మిన రోజు కూడా నేను ఇంతగా తల్లడిల్లలేదు. ఇల్లు చూడ్డానికైనా సిరిసిల్లలో నిలబడి ఉంది. ఆ ఇంట్లోని చప్పుడు మాత్రం ఈ పెట్టెల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మా చెల్లె సుగుణను కోరుట్లలో పసుపు పండించే రైతు కుటుంబానికి ఇచ్చాము. ఫోన్‌లో విషయం చెబితే నవ్వింది. "మా బస్టాండు ఎన్క గంగాధరని ఒకడున్నడన్నా. మస్కట్ల సౌండు పని జేసి అచ్చిండు. పెండ్లిళ్లకు డీజే డబ్బాలు గాడే తయారు జేస్తడు. నోరు పెద్దది గని చెయ్యి మంచిదే" అంది. డీజే డబ్బాలు చేసేవాడికి బాపు పెట్టెలు అప్పజెప్పడమా అని చాలా రోజులు ఊగిసలాడాను. గంగాధర్‌తో ఫోన్‌లో మాట్లాడితే డీజే డబ్బాల్లో పెట్టే బుల్లెట్ ట్వీటర్లు పెడతానన్నాడు. నేను వద్దని, పట్టుగుడ్డతో చేసిన మెత్తని ట్వీటర్లు, కొత్తరకం కెపాసిటర్లు హైదరాబాదు నుంచి తెప్పించమన్నాను. అవి వచ్చాయని కబురు పెట్టాక, ఒక ట్రాలీ ఆటో మాట్లాడి, పెట్టెలకు దుప్పట్లు చుట్టించి, తాళ్లు కట్టించి, నేను కూడా వెనకాలే ఎక్కాను. డ్రైవరు పక్కన సీటు ఖాళీగానే ఉంది. కానీ నా చెయ్యి వాటి మీద లేకుండా ఆ గుంతల దారి దాటించడం నా వల్ల కాలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, రెండు పెట్టెల నడుమ, నిటారుగా కూర్చున్నాను.

"ఏం కాకా, లోపట బంగారమేమన్న ఉన్నదా? గంత గట్టిగ వట్టుకున్నవ్!" అని అరిచాడు ఆటో అబ్బాయి, వెనక్కి తిరిగి.

"ముంగట జూసి నడుపు" అన్నాను.

మేడిపల్లి దాటాక ఉడకబెట్టిన పసుపు వాసన మొదలైంది. కళ్లాల్లో పసుపు కొమ్ములు పరిచి ఉన్నాయి. చక్రం ప్రతి గుంతలో పడినప్పుడల్లా పెట్టె లోపల ఏదో కదిలినట్టు నాకు చేతికి తెలిసేది. ఆ వాసన, ఆ భయం కలిసి నన్ను వేరే వాసనల్లోకి తీసుకుపోయాయి.

మా సిరిసిల్ల ఇంటికి రెండు వాసనలుండేవి. కింది వాసన మిషన్ ఆయిలుది, గంజిది, గాలిలో ఎప్పుడూ తేలే నూలు దుమ్ముది. పై వాసన బాపు పెట్టించే సాంబ్రాణిది. కింద షెడ్డు, పైన ఇల్లు. పొద్దున మొదటి షిఫ్టువాళ్లు రాకముందు, సాంచాలు ఇంకా మొదలవని ఆ కాస్త సమయంలోనే బాపు పాట పెట్టేవాడు. పైహాల్లో పేము కుర్చీ, ఎదురుగా ఈ పెట్టెలు. బొంబాయికి గుడ్డ అమ్మడానికి వెళ్లినప్పుడు అక్కడ ఎవరి ఇంట్లోనో విని, అలాంటివే కావాలని పట్టుబట్టి లారీలో వేయించుకుని తెచ్చాడు. సిరిసిల్లలో అప్పటికి అలాంటివి ఎవరికీ లేవని చెప్పుకునేవాళ్లు. బాపు ఆ హాల్లో ఎప్పుడూ చెప్పులు వేసుకునేవాడు కాదు. ఒట్టి కాళ్లు గచ్చు మీద ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. పాట అయ్యాక కళ్లు తెరిచి, అక్కడున్నవాళ్లను వరుసగా అడిగేవాడు. "ఎట్లున్నదిరా?"

"మస్తున్నది ఆసామీ." ఇది సాంచాలు బాగుచేసే జాబరు.

"ఎదురుంగ గూసోని పాడినట్టే ఉన్నది ఆసామీ." ఇది లింగయ్య కాక.

"మంచిగున్నది" అనేది మా అవ్వ, అంటే మా అమ్మ, తలుపు వెనక నుంచి. ఆమె తలమీద కొంగు చెవులను పూర్తిగా కప్పి ఉండేది. ఆసామి భార్య పరాయి మగవాళ్ల ముందు అలాగే ఉంటుందనుకునేవాణ్ని.

బాపు చెవి గురించి ఊళ్లో కథలుండేవి. పైహాల్లో పేపరు చదువుకుంటూనే, కిందనున్న సాంచాల హోరులోంచి, "కిటికీ దిక్కున్న సాంచ బెల్టు వదులైంది, చూడుండ్రి" అనేవాడు. వెళ్లి చూస్తే వదులే ఉండేది. అంత చెవి ఉన్నవాడు కనుకనే పెట్టెల్లో చిన్న తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదని నా నమ్మకం. కొన్నాళ్లు బాగానే వినేవాడు. తర్వాత మొహం చిట్లించి, "గీ ట్వీటర్ పోయింది. యూసుఫ్ భాయ్‌ని పిలువుండ్రి" అనేవాడు. రేడియోలు బాగుచేసే యూసుఫ్ భాయ్ వచ్చి, ముందు గుడ్డ ఊడదీసి, పాత ట్వీటరు తీసి కొత్తది బిగించేవాడు. ప్రతిసారీ వెనకటిదాని కంటే గట్టిది. చివరికి గరాటంత నోరు తెరుచుకున్న అల్యూమినియం ట్వీటర్లు వచ్చి కూర్చున్నాయి. పని చేసేటప్పుడు యూసుఫ్ భాయ్ ఏదో తెల్లటిది పెట్టెలోంచి తీసి జేబులో వేసుకోవడం చూశాను. తుడుచుకునే గుడ్డ అనుకున్నాను. కొత్త ట్వీటరు పెట్టిన రోజు ఇంట్లో మిగతావాళ్లంతా ఏదో ఒక పని చెప్పి హాలు ఖాళీ చేసేవాళ్లు. బాపుతో పాటు చివరిదాకా కూర్చునేది నేనొక్కణ్నే. మా ఇళ్లలో మగపిల్లవాడు బడి విడిచాక షెడ్డులో తండ్రి పక్కన కూర్చోవాలి. ఆడపిల్లలు ఆ గడప దాటకూడదు. నేను ఊహ తెలిసిన నాటినుంచీ షెడ్డులోనే ఉన్నాను. అక్కడ మాట వినపడదు, పెదాలు చూసి మాట అందుకోవాలి. ఆ చదువు నాకు బడి చదువుకంటే బాగా వచ్చింది. ఇంట్లో ఇంకెవరికీ లేని బాపు చెవి నాకొక్కడికే వచ్చిందని అప్పట్లో నాకు లోలోపల గర్వంగా ఉండేది.

కోరుట్లలో గంగాధర్ దుకాణం ముందు మనిషి కంటే ఎత్తైన డీజే డబ్బాలు నిలబెట్టి ఉన్నాయి. వాటికి నీలం లైట్లు. వాటి మధ్య బాపు పెట్టెలు దించినప్పుడు, జాతరలోకి పెద్దమనుషులను తోసినట్టు అనిపించింది. గంగాధర్‌కు నలభై దాటి ఉంటాయి. చేతికి మస్కట్ గడియారం, మాటకు ముందు మస్కట్.

"మస్కట్ల పెద్ద పెద్ద హోటళ్లకు నేనే సౌండు పెట్టిన సారూ. గీ డబ్బాలు గాళ్లకు జూపెడితే మ్యూజియంల పెట్టుకుందురు."

"మ్యూజియంల పెట్టెతందుకు తేలే. పాడెతందుకు తెచ్చిన."

"పాడుతది సారూ, నా చేతిల వడ్డంక పాడక ఏడికి వోతది? ఇప్పుడన్న ఒక మాట జెప్పుండ్రి. బుల్లెట్లు పెడుదామా? గల్లి గల్లంత లేస్తది!"

"నాది పెండ్లి బరాత్ గాదు" అన్నాను.

అతడు నవ్వుతూ స్క్రూలు విప్పాడు. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. అతడి భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాను. ముందు గుడ్డ చట్రం చిటపటమంటూ ఊడింది. చెక్క చీలిందేమోనని వంగి వేలితో తడిమాను. చీలలేదు. గంగాధర్ తలవంచి లోపలికి చూసి, "గిదేంది సారూ, ఎలుక గూడు వెట్టినట్టున్నది" అన్నాడు.

ఎలుక గూడు కాదు. అల్యూమినియం ట్వీటరు నోట్లో నూలు కుక్కి ఉంది. రెండో పెట్టె విప్పితే అందులోనూ అంతే. సాంచా మీద మిగిలిన పోగుల ముక్కలు, పసుపుబారినవి. వాటిని ఉండగా చుట్టి, ఊడిపోకుండా దారంతో ఓపికగా ముడివేశారు. మా షెడ్డు నూలే. ఆ పోగు లావు, పురి నా వేళ్లకు తెలుసు. మనిషి చెయ్యి చేసిన పని అది. నాకు మొదట తోచింది మా పాలివాళ్లే, మా దాయాదులే. బాపు వైభవం చూడలేక ఎవరో లోపలికి వచ్చి పెట్టెల గొంతు నులిమారు. ఏళ్ల తరబడి మాకు తెలియలేదు. కోపంతో చెవులు వేడెక్కాయి. అయితే ఆ కోపం కిందే ఒక ఊరట కూడా ఉంది. గజ్జెలు పోవడానికి కారణం దొరికింది. నూలు తీసేస్తే చాలు.

"తీసి పాడియ్యి" అన్నాను.

పాత ట్వీటర్లతోనే పాట పెట్టాడు. గంగాధర్ మొహం చిట్లించి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను ముందుకు వంగి విన్నాను. డోలక్. గొంతులు. గజ్జెలు లేవు.

"చచ్చిపోయినయ్" అన్నాను.

గంగాధర్ నా వైపు వింతగా చూసి, మీటరు తెచ్చి పెట్టాడు. "లేదు సారూ. రెండూ బతికే ఉన్నయ్. కాయిల్ మంచిగున్నది."

"అయితే కెపాసిటర్లు. లోపట ఎండిపోయినయ్."

"ఎండినయ్ మాట నిజమే. జర్రంత తేడా అస్తది" అన్నాడు. ఆ 'జర్రంత' అన్న మాట నాకు నచ్చలేదు.

మధ్యాహ్నానికి సుగుణ సద్దిగిన్నె పట్టుకుని వచ్చింది. బల్ల మీది నూలు ఉండలు చూసి, గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వామ్మో! గివి ఇంకా గీండ్లనే ఉన్నయా! అవ్వ చేతి ముడి జూడు, ఇంకా వదుల్గాలే."

"అవ్వనా?" అన్నాను. "అవ్వ పెట్టిందా?"

"నేనే లైటు వట్టుకున్న. బాపు షెడ్లకు వోయినంక ఇద్దరం గుడ్డ ఊడగొట్టి కుక్కుతుంటిమి. యూసుఫ్ భాయ్ అచ్చి తీసి జేబుల ఏసుకుంటుండె, ఒక్క మాట అనకపోతుండె. మంచోడు. మల్ల బాపు ఇంకా గట్టిది పెట్టిపియ్యవట్టె, మేము ఇంకింత నూలు కుక్కవడితిమి." ఆమెకు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వు ఆగలేదు.

"ఎందుకు జేసిండ్రే గట్ల?"

"చెవులు పలుగుతుండెనే! తిందాం పా ముందుగాల."

తినబుద్ధి కాలేదు. అవ్వ కొంగు ఎందుకు చెవుల మీద అంత బిగుతుగా ఉండేదో ఒక్కసారిగా అర్థమయింది. ఆ కొంగు కింద కూడా నూలే ఉండి ఉంటుంది. అయినా అది ఆడవాళ్ల సున్నితం, సంగీతం తెలియనితనం అని సర్దుకున్నాను. బాపు చెవి ముందు వాళ్లెంత?

గంగాధర్ క్రాస్ఓవర్లు బయటికి తీశాడు. పాత కెపాసిటర్లు నూనె కారి, అడుగున జిగురు పట్టి ఉన్నాయి. కొత్తవి బొటనవేలంత లావు. వాటిని బిగించడానికి పలక సరిపోక వేరే పలక కోశాడు. రాగితీగ చుట్టలు మాత్రం బాగున్నాయని అలాగే ఉంచాడు. పట్టు ట్వీటర్లు డబ్బాలోంచి తీసినప్పుడు నేను చెయ్యి చాపాను. నల్లటి చిన్న గుమ్మటం, నిజంగానే పట్టుగుడ్డ, మీద ఏదో పూత. "ఏలు వెట్టకుండ్రి సారూ, సొట్ట వడ్తది!" అని గంగాధర్ అరిచాడు. పుట్టినప్పటినుంచీ గుడ్డను వేలితో తాకి మంచిచెడ్డలు చెప్పిన వంశం మాది. చెయ్యి వెనక్కి తీసుకుని, వెలుతురు వైపు తిరిగి, కళ్లతోనే నేత చూశాను. ఒత్తుగా, సమంగా ఉంది. ఇది పాడుతుంది అనుకున్నాను. పాడకపోతే, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

సన్న చప్పుడు ఎంత వదలాలో చూసి ఖాయం చేద్దామని, క్రాస్ఓవర్ పలకను గంగాధర్ పెట్టె బయటే ఉంచి తీగలు కలిపాడు. ఎదురుగా కుర్చీ వేశాడు. నేను చొక్కా సవరించుకుని కూర్చున్నాను. సుగుణ పక్కన స్టూలు మీద. పాట మొదలైంది.

"టేపు బుస మస్తున్నది సారూ" అన్నాడు గంగాధర్.

నాకు ఏ బుసా లేదు. టేపు నాకు నిర్మలంగా ఉంది. డోలక్ వచ్చింది, ఇదివరకటి కంటే శుభ్రంగా. గొంతులు ఒక్కొక్కటి విడివిడిగా వచ్చాయి. లింగయ్య కాక గొంతు పక్కనే ఉన్నట్టుంది. వాటి పైన ఏమీ లేదు. మబ్బు లేని ఆకాశంలా ఖాళీగా ఉంది.

"పెంచు" అన్నాను. గంగాధర్ సన్న చప్పుడును అణిచే రెసిస్టర్ ఒకటి మార్చాడు. "ఇంకా పెంచు." ఇంకొకటి తీసేశాడు. "ఇంకా."

"ఇంకేం లేదు సారూ, డైరెక్ట్ ఇచ్చిన. గిట్లనే ఉంటే బజార్ల కుక్కలు ఉరుకుతయ్" అన్నాడు.

నేను సుగుణ వైపు తిరిగాను, బాపు తిరిగినట్టే. "ఎట్లున్నది?"

ఆమె కొంగు రెండు చెవుల మీదికి వచ్చి ఉంది. సరిగ్గా అవ్వ కొంగు ఉన్నట్టే. ఆమె నోరు తెరిచింది. 'మంచిగున్నది' అనే మాట ఆ పెదాల మీద తయారవడం నేను చూశాను. పెదాలు చదవడం నాకెవరూ నేర్పక్కర్లేదు. ఆ మాట బయటికి రాలేదు. ఆమె పెదాలు మూసుకుని, గంగాధర్‌తో, "తమ్మీ, జర పాట బందువెట్టి చాయ్ చెప్పి రాపో" అంది. అతడు మా ఇద్దరినీ చూసి, ఏమనుకున్నాడో, చెప్పులు వేసుకుని వెళ్లాడు.

"అన్నా, గజ్జెలు గల్లుగల్లున మోగుతున్నయ్" అంది సుగుణ. "సూదులు గుచ్చినట్టు మోగుతున్నయ్. నీకు వినవడ్తలెవ్వు."

ఆ మాట తోసిపారేయడానికి చెయ్యి ఎత్తాను. ఆమె ఆగలేదు.

"బాపుకు గూడ గంతే. సాంచాల కాడ చెవులు వోయినయ్. లావు మాట వినవడుతుండె, సన్నది వినవడకపోతుండె. ఇంట్ల అందరికెర్కే. ఆయినకే ఎర్కలేదు. నీకెర్కలేదు."

"సాంచ బెల్టు వదులైతే పై నుంచి చెప్తుండె బాపు!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"గది చెవి గాదన్నా, అరికాళ్లు. చెప్పులిడిచి ఎందుకు గూసుంటుండె? గచ్చు అదురుడు వట్టి చెప్తుండె."

నేను ఎదురుగా ఉన్న పెట్టె వైపు చూశాను. కొత్త పట్టు ట్వీటరు నల్లగా, నిండుగా, ఏ లోపమూ లేకుండా ఉంది. లోపం దాక్కోడానికి ఇక చోటు లేదు. నూలు తీశాము, కెపాసిటర్లు మార్చాము, ట్వీటర్లు మార్చాము. పెట్టె గొంతు పోలేదు. బాపు ఇంటి చప్పుడు అలాగే ఉంది. అది చేరాల్సిన చోటే పాడైంది.

"మరి బాపుకు ఒక్కలు గూడ చెప్పలేదా?" అన్నాను.

"ఎవ్వలు చెప్తరు? ఆసామికి చెవులు వినవడ్తలెవ్వని బజార్ల వడితే, నూలు సేట్లు ఎదురుంగనే ఒకలకొకలు గుసగుస మాట్లాడుకోని ముంచుతరని అవ్వ భయం. పనోళ్లకు వాళ్ల భయం. లింగయ్య కాక అంతటోడే, ఎదురుంగ పాడినట్టే ఉన్నది ఆసామీ, అనకపాయెనా!"

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

ఆమె నా మొహం చూసి, తలతిప్పి, మళ్లీ చూసింది. "నీకేం సాంచాలున్నయా, సేట్లున్నరా, ముంచెతందుకు? నీకు చెప్పకుంటే రోడ్డు దాటంగ లారీ హారన్ వినవడక చస్తవ్. మొన్న ఫోన్ల వదినె గదే అని ఏడ్చింది."

ఆ మాటకు నా వీపు ఇంకా నిటారుగా అయింది. మా వంశంలో దెబ్బ తగిలినప్పుడు వీపు అలాగే అవుతుంది. ఇంటావిడ కిందివాళ్లు పైకొస్తారని ఎందుకు అంటుందో, గల్లా దగ్గర గిరాకీలు ఒక మాట రెండుసార్లు ఎందుకు చెబుతున్నారో, ఆటో అబ్బాయి అంత గట్టిగా ఎందుకు అరిచాడో, అన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. సిరిసిల్లలో మేము బాగా బతికిన రోజుల్లో ఆ ఇంటినిండా మనుషులు. పొద్దునే వరుసకట్టి 'మస్తున్నది ఆసామీ' అనేవాళ్లు. ఆ గౌరవాన్నే నేను ఇన్నేళ్లూ తలుచుకుని మురిశాను, అది పోయిందని కుమిలాను. ఆ గౌరవం నడుమ కూర్చుని మా బాపు, తన చెవులు పోయాయని తెలియకుండా, పెట్టెలను తిడుతూ వెళ్లిపోయాడు. ఆయన చుట్టూ అంతమంది ఉండీ ఆయన ఒక్కడే. నాకు సాంచాలు లేవు, ఎవరి కూడూ నా చేతిలో లేదు. నాకు నిజం చెబితే ఎవరికీ నష్టం లేదు. మా ఇల్లు కూలిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ చెల్లె నోట్లో ఆ అబద్ధం తయారై కూడా బయటికి రాకపోవడం నేను కళ్లారా చూశాను. బాపుకు ఆ భాగ్యం లేదు. ఏది ఎక్కువో తూచబోయాను. తక్కెడ నిలవలేదు.

గంగాధర్ చాయ్ గ్లాసులతో వచ్చాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"మా చెల్లె గూసుంటది. ఆమె చెప్పినట్టు పెట్టు" అన్నాను.

"మీ డబ్బాలు గదా సారూ?"

"చెప్పినట్టు జెయ్."

సుగుణ వద్దంది, నేను వినలేదు. వినబడలేదనుకుని మళ్లీ గట్టిగా వద్దంది. చివరికి కూర్చుంది. గంగాధర్ రెసిస్టర్లు మళ్లీ ఒక్కొక్కటి కలిపాడు. పాట నాకు ప్రతిసారీ ఒకేలా ఉంది. ఆమె మొహం మాత్రం మారుతూ వచ్చింది. నుదుటి ముడి విప్పుకుంది. కొంగు చెవుల మీద నుంచి జారింది, ఆమె ఎత్తుకోలేదు.

"ఇంక జర తగ్గియ్ తమ్మీ. ఆఁ. ఇగో, గీడ ఆపు." కాసేపు విని నవ్వింది. "లింగయ్య కాకను జూడన్నా, ఎప్పటి లెక్కనే అందరికంటె ఒక దెబ్బ ఎన్కకు చిరుతలు కొడుతున్నడు."

అది నాకు తెలియదు. ఇన్నేళ్లు విన్న పాటలో ఆ సంగతి నాకు ఎప్పుడూ తెలియదు. రేపు జగిత్యాలలో ఈ పెట్టెల ముందు కూర్చున్నప్పుడు ఇంకేం తగ్గుతుందో, గొంతులు ఎప్పుడు పోతాయో, ఆ గుబులు అలాగే ఉంది. గంగాధర్ ఆ లెక్క మీదే టంకం వేయడానికి సిద్ధమయ్యాడు. "పాట అయిపోనియ్" అన్నాను. సుగుణ కళ్లు మూసుకుంది. ఆమె వేలు కుర్చీ చేతి మీద పడుతోంది, ఒక దెబ్బ, వెంటనే దాని వెనకాలే ఇంకో చిన్న దెబ్బ. గజ్జెలు ఎక్కడెక్కడ మోగుతున్నాయో ఆ వేలిని చూసి తెలుసుకుంటూ, పాట అయ్యేదాకా ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.